క్యాబిన్ క్రూ ట్రైనింగ్‌కి వెళ్తున్న మా హారికకు

మొగల్రాజపురం,
విజయవాడ.

చి. హారికకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీకు జాయినింగ్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. మీ నాన్నగారు మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నారట. "విమానంలో టీలు, కాఫీలు అందించే ఉద్యోగమేగా" అని చుట్టాలెవరో అన్నారట కూడా. వాళ్ళకి ఒక్క మాట చెప్పు. విమానంలో ప్రతి 50 సీట్లకు కనీసం ఒక క్యాబిన్ క్రూ ఉండాలని నియమం ఉంది. టీ అందించడానికే అయితే అలాంటి నియమం ఎవరూ పెట్టరు. ఏదైనా జరిగితే ఆ మనుషుల్ని బయటికి పంపడానికి ఒకరు కావాలి కాబట్టి పెట్టారు. మన గన్నవరం నుంచి తిరిగే ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో డెబ్బై పైచిలుకు సీట్లకు క్రూ ఇద్దరే. ముందు ఒకరు, వెనక ఒకరు. ఆ సమయానికి నీ వైపు ఉన్నవాళ్ళందరికీ నువ్వే దిక్కు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. ఎవరో సీనియర్ దగ్గర నోట్సు తెప్పించుకుని తెల్లవారుజామునే లేచి బట్టీ పడుతున్నావని మీ అమ్మ గొప్పగా చెప్పింది. అది ఆపెయ్యి. ఆ నోట్సు నీ ఎయిర్‌లైన్‌ది కాదు, నువ్వు ఎక్కబోయే విమానానిదీ కాకపోవచ్చు. డోర్ తెరిచే పద్ధతే ఒక్కో విమానంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒక పద్ధతి బుర్రలో పాతుకుపోయాక దాన్ని తీసేసి ఇంకోటి పెట్టడం ఎంత కష్టమో ట్రైనర్‌గా నేను చాలామందిలో చూశాను.

ఇంటర్ రెండేళ్ళూ విజయవాడ హాస్టల్లో ఉండి చదివావు. బిట్లు, వారం వారం టెస్టులు, గోడ మీద ర్యాంకుల జాబితా. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ నువ్వు వెళ్తున్న చోట ఆ పద్ధతి పనికిరాదు. ఒకప్పుడు మా ట్రైనింగ్ కూడా అలాగే ఉండేది. ఇన్ని గంటల క్లాసు, ఒక రాత పరీక్ష, డోర్ ఒకసారి తెరవడం, డోర్ నుంచి నేల దాకా గాలితో ఊదుకునే జారుడుబల్ల, అదే స్లైడ్, దాని మీద ఒకసారి జారడం, అయిపోయింది. తర్వాత 2014లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐకావో, క్యాబిన్ క్రూ భద్రతా శిక్షణకు ప్రత్యేకంగా ఒక మాన్యువల్ తెచ్చింది. ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు, పని చేయగలుగుతున్నారా లేదా అన్నది చూడండి అని దాని సారాంశం. దీన్నే కాంపిటెన్సీ బేస్డ్ ట్రైనింగ్ అంటున్నారు. తెలిసి ఉండటం, చేయగలగడం, చేసే తీరు, ఈ మూడూ ఒకేసారి కనపడాలి. రాత పరీక్ష ఇప్పుడూ ఉంటుంది. కానీ ఇన్‌స్ట్రక్టర్ ముందు నీ కళ్ళు ఎటు చూస్తున్నాయో, చేయి దేని మీద ఉందో, గొంతు ఎలా లేస్తోందో కూడా రాసుకుంటారు.

డోర్ సంగతే చెప్తాను, అన్నిటికన్నా ఎక్కువ తడబడేది అక్కడే. ఎమర్జెన్సీలో డోర్ ముందు నిలబడ్డావు. మొదటి పని హ్యాండిల్ పట్టుకోవడం కాదు, కిటికీలోంచి బయటికి చూడటం. మంట ఉందా, పొగ ఉందా, నీళ్ళు ఉన్నాయా, విరిగిన ముక్కలు ఉన్నాయా. బాగుంటేనే తెరవాలి. తెరిచాక స్లైడ్ దానంతటది ఊదుకున్నా సరే, చేత్తో లాగే హ్యాండిల్ కూడా లాగాలి. డోర్ పక్కనున్న చేతిపట్టు వదలకూడదు, వదిలితే వెనక నుంచి వచ్చే జనం నిన్నే ముందు తోసేస్తారు. స్లైడ్ పూర్తిగా ఊదుకుని నేలకు ఆనిందో లేదో చూసి, అప్పుడు జనాన్ని పిలవాలి. ఇంతవరకు బట్టీ పట్టినవాళ్ళూ చెప్పేస్తారు. అందుకే ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో కథ మారుస్తారు. నలుగురు దిగాక "బయట మంట" అని అరుస్తారు. లేదా డోర్ ఇరుక్కుపోయిందంటారు. అప్పుడు నువ్వు డోర్‌కి అడ్డంగా నిలబడి, వచ్చేవాళ్ళని ఆపి, వేరే డోర్ వైపు తిప్పాలి. క్లాసులో అన్నిట్లో ఫస్టు వచ్చిన అమ్మాయిలు ఇక్కడ బిగుసుకుపోవడం చూశాను. చదివిన వరుసలో ఈ మెట్టు లేదు మరి.

ఇది కల్పించిన కథ కాదు. 2024 జనవరి 2న టోక్యో హనేడా ఎయిర్‌పోర్టులో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగుతూ రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొంది. ఆ చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. మంటలు. ఎనౌన్స్‌మెంట్ సిస్టం పనిచేయలేదు. ఎనిమిది డోర్లలో మూడే వాడగలిగారు. వెనక డోర్ దగ్గరున్న క్రూకి కాక్‌పిట్‌తో మాట్లాడే దారి లేక, బయట పరిస్థితి తామే చూసుకుని, తామే నిర్ణయించుకుని తెరిచారు. మెగాఫోన్లతో, గొంతుతో జనాన్ని నడిపించారు. 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. కొత్త విమానం డిజైన్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు సగం డోర్లతో, చీకట్లో, 90 సెకన్లలో అందరూ దిగగలరని చూపించాలి. హనేడాలో చివరి మనిషి దిగేసరికి సుమారు 18 నిమిషాలు పట్టింది. పరీక్షకీ నిజానికీ మధ్య ఆ తేడా ఉంటుంది. దాన్ని పూడ్చడానికే నీకు ట్రైనింగ్ ఇస్తున్నారు.

అందుకని ట్రైనింగ్‌లో ప్రతిదానికీ "ఎందుకు" అని అడుగు. లైఫ్ జాకెట్ విమానం లోపల ఊదకూడదని చెప్తారు. ఎందుకు? 1996లో హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం కొమొరోస్ దగ్గర సముద్రంలో పడింది. లోపలే జాకెట్లు ఊదుకున్న కొందరు నీళ్ళు నిండుతుంటే పైకి తేలిపోయి, కిందున్న డోర్ దాకా రాలేకపోయారు. ఈ సంగతి తెలిస్తే ఆ నియమాన్ని నువ్వు జన్మలో మర్చిపోవు. నీ గొంతులో కూడా ఆ గట్టిదనం వస్తుంది. ఆక్సిజన్ మాస్క్ ముందు నువ్వే పెట్టుకోవాలంటారు. మన ఇళ్ళల్లో పెరిగిన ఆడపిల్లకి ఇది చేతకాదు, పక్కన పసిపిల్ల ఏడుస్తుంటే చేయి అటే పోతుంది. 35,000 అడుగుల ఎత్తులో క్యాబిన్‌లో గాలి పోతే బుర్ర సరిగా పనిచేసే సమయం అర నిమిషం నుంచి నిమిషం. నువ్వు పడిపోతే ఆ పిల్లకి ఎవరూ ఉండరు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కాక్‌పిట్‌కి చెప్పడం. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర ఒక బోయింగ్ 737 కూలి 47 మంది చనిపోయారు. ఎడమ ఇంజిన్ చెడితే పైలట్లు పొరపాటున కుడి ఇంజిన్ ఆపేశారు. కుడి ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చిందని కెప్టెన్ మైకులో చెప్పాడు కూడా. ఎడమవైపు మంటలు ప్రయాణికులు చూశారు, క్యాబిన్ క్రూలోనూ కొందరు చూశారు. ఎవరూ వెళ్ళి చెప్పలేదు. అదే ఏడాది మార్చిలో కెనడాలో డ్రైడెన్ దగ్గర రెక్కల మీద మంచుతో టేకాఫ్ అయిన విమానం పడిపోయి 24 మంది పోయారు. ఆ మంచు క్యాబిన్‌లో వాళ్ళకి కనపడుతూనే ఉంది. పైలట్లకి తెలియకుండా ఉంటుందా, నేను చెప్తే ఏమనుకుంటారో అన్న మొహమాటమే అడ్డం పడింది.

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని మేమే నీకు నేర్పాం. ఇంట్లో అది మర్యాదే. యూనిఫాం వేసుకున్నాక ఆ మర్యాదని పక్కన పెట్టాలి. టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో పైలట్లని అనవసరంగా కదిలించకూడదని నియమం ఉంది, నిజమే. కానీ పొగ వాసన, వింత శబ్దం, రెక్క మీద ఏదైనా కనపడటం అనవసరమైనవి కావు. ఏం చూశావో, ఎక్కడ చూశావో, ఎప్పటి నుంచో రెండు ముక్కల్లో చెప్పు. నీ అనుమానం తప్పయితే పోయేదేమీ లేదు. పైలట్లతో కలిపి చేయించే ట్రైనింగ్ సెషన్ ఉంటుంది, అక్కడ వెనక బెంచీలో కూర్చోకు. కెప్టెన్ పాత్రలో ఉన్నాయన విసుక్కున్నా నీ మాట పూర్తి చెయ్యి. నిన్ను చూసేవాళ్ళు రాసుకునేది అదే.

మంటల క్లాసులో పవర్ బ్యాంకుల గురించి బాగా చూసుకో, ఈ రోజుల్లో ఎక్కువ భయం వాటితోనే. లిథియం బ్యాటరీ అంటుకుంటే ముందు హాలన్ సిలిండర్‌తో మంట ఆర్పాలి, తర్వాత నీళ్ళు పోసి చల్లబరుస్తూ ఉండాలి. మంట ఆరింది కదా అని వదిలేస్తే లోపలి వేడికి పక్క సెల్ మళ్ళీ అంటుకుంటుంది. ఐసు వేయకూడదు, గుడ్డ కప్పకూడదు, అవి వేడిని లోపలే ఉంచేస్తాయి. ఎవరి ఫోనైనా సీటు సందులో పడితే సీటు కదపనివ్వకు, నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది. పొగ గదిలో స్మోక్ హుడ్, అంటే పొగ పీల్చకుండా తలకు తొడుక్కునే ముసుగు, పెట్టుకుంటే ఊపిరి ఆడనట్టు ఉంటుంది, టెన్షన్ పడతావు. అది అందరికీ ఉంటుంది. ఇంకోసారి చేస్తానని నువ్వే అడుగు.

అడగడం గురించే ఇంకో మాట. ఈ పద్ధతిలో నీకు "ఇంకా రాలేదు" అని రాసే అవకాశం ఉంది. ర్యాంకుల అలవాటున్న పిల్లలు దానికి ఏడుస్తారు, ఇంటికి చెప్పరు. ఏది రాలేదో అడుగు. "మీ కమాండ్ (జనానికి అరిచి చెప్పే ఆదేశం) మూడో వరుస దాటి వినపడటం లేదు" లాంటి జవాబు వస్తుంది. దాన్ని సరిచేసుకోవచ్చు. జాలిపడి పాస్ చేసే ఇన్‌స్ట్రక్టర్ నీకు మేలు చేసినట్టు కాదు. బ్యాచ్‌లో ఎవరైనా వెనకబడితే నువ్వు కూడా వాళ్ళతో కలిసి చెయ్యి. రేపు అవతలి డోర్ దగ్గర ఉండేది ఆ అమ్మాయే.

గొంతు సంగతి ఇప్పుడే మొదలుపెట్టు. నువ్వు మెల్లగా మాట్లాడతావు. మేడ మీదకెక్కి కడుపులోంచి గట్టిగా అరిచి చూడు, పక్కింటివాళ్ళు ఏమనుకున్నా పరవాలేదు. మీ కంపెనీ కమాండ్లు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి, అవి వాళ్ళు చెప్పినట్టే అక్షరం మార్చకుండా అనాలి. వాటి తర్వాత అవసరమైతే వాడటానికి "సామాన్లు వదిలెయ్! ఇటు రా! దూకు!" అని తెలుగులో కూడా నోటికి వచ్చి ఉండాలి. గన్నవరంలో ఎక్కేవాళ్ళలో అమెరికాలో పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్న తాతలు, మామ్మలు ఎంతమందో. వాళ్ళు కంగారులో పైనున్న బ్యాగు కోసం చేయి చాస్తారు. 2016లో దుబాయ్‌లో ఎమిరేట్స్ విమానం కాలిపోతుంటే కూడా జనం బ్యాగులు దించుకున్నారు. అలాంటప్పుడు "అండీ, గారూ" పనికిరావు.

గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కే సీపీఆర్‌కి చేతుల్లో బలం కావాలి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు. బొమ్మ మీద ఒక్క నిమిషం చేసి చూస్తే నీకే తెలుస్తుంది. తిండి తగ్గించి సన్నబడాలని చూడకు.

ఇక ఈత. నీకు రాదని తెలుసు. నీళ్ళల్లో డ్రిల్లు ఉంటుంది, జాకెట్‌తో దిగి, రాఫ్ట్, అంటే గాలి తెప్ప, మీదకి ఎక్కి, ఇంకొకరిని పైకి లాగాలి. అక్కడికి వెళ్ళి భయపడే బదులు జాయినింగ్ దాకా నా దగ్గరికి వచ్చి ఉండు. గాంధీనగర్‌లో సర్ విజ్జీ స్విమ్మింగ్ పూల్‌కి రోజూ పొద్దున నేనే తీసుకెళ్తాను. మీ అమ్మతో మాట్లాడాను, సరేనంది.

గుంటూరులో నాన్‌స్టాప్ బస్సు ఎక్కాక ఫోన్ పక్కన పెట్టెయ్యి. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు క్రూ సీట్లో కూర్చుని మేము మనసులో ఒకటి చేసుకుంటాం, సైలెంట్ రివ్యూ అంటారు. ఇప్పుడే ఏదైనా జరిగితే నా డోర్ ఏది, ఎలా తెరవాలి, ఏమని అరవాలి, నాకు సాయం చేయగల మనిషి ఎవరు, ఎవరికి సాయం కావాలి అని. బస్సులో అదే చెయ్యి. బస్టాండులో దిగగానే అడుగుతాను, ఎమర్జెన్సీ డోర్ ఏ వైపు ఉంది, నీ సీటుకీ దానికీ మధ్య ఎన్ని వరుసలు, చంటిపిల్లతో ఉన్నావిడ ఎక్కడ కూర్చుంది అని.

ఉంటాను,
నీ పెద్దమ్మ