ఎన్‌ఏలను తీసేసే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

గణాంకాల భాష ఆర్‌లో గ్రాఫు గీసే ప్రతిసారీ ముందుగా ఎన్‌ఏ.ఒమిట్ నడిపిస్తున్నానని, అంటే విలువ లేని గడి (ఎన్‌ఏ) ఒక్కటున్నా ఆ వరుస మొత్తాన్నీ తీసేస్తున్నానని రాశావు. ఆ అలవాటు మానుకోవాలని నా సలహా. ఆర్‌తోపాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ పట్టికనే తీసుకో. 1973 మే నుంచి సెప్టెంబరు వరకు న్యూయార్క్‌లో రోజువారీగా నమోదైన 153 వరుసలు అందులో ఉన్నాయి. ఓజోన్ కాలమ్‌లో 37 చోట్ల, సూర్యరశ్మి కాలమ్‌లో 7 చోట్ల విలువ లేదు. ఒమిట్ చేస్తే 111 వరుసలే మిగులుతాయి. గాలి వేగం, ఉష్ణోగ్రత కాలమ్‌లలో ఒక్క ఖాళీ కూడా లేకపోయినా, ఆ రెండింటి గ్రాఫులో సైతం 42 రోజులు ఊరికే పోతాయి. తీసేయక తప్పనప్పుడు టైడీఆర్ ప్యాకేజీలోని డ్రాప్_ఎన్‌ఏ ఫంక్షన్‌కు ఆ గ్రాఫులో వాడే కాలమ్‌ల పేర్లు మాత్రమే ఇవ్వు.

అసలు ప్రమాదమంతా గీతల గ్రాఫు దగ్గరే ఉంది. జూన్ 21 నుంచి 30 వరకు ఓజోన్ విలువ ఒక్కటీ లేదు. ఎన్‌ఏలను అలాగే ఉంచితే గీత అక్కడ తెగి ఖాళీ కనబడుతుంది; ముందే తీసేస్తే జూన్ 20 నాటి 13 నుంచి జూలై 1 నాటి 135 దాకా ఒకే ఏటవాలు గీత పైకి లేచి, ఆ పది రోజులూ ఓజోన్ క్రమంగా పెరిగిందని చూసేవారిని నమ్మిస్తుంది. ఎన్‌ఏలను ఉంచడంలోనూ ఒక మెలిక ఉంది: జూన్ 7కూ 13కూ ముందురోజు, మరునాడు విలువలు లేవు కనుక, గీత ఒక్కటే గీస్తే ఆ రెండు కొలతలూ కనబడకుండా పోతాయి. అందుకే గ్రాఫుల ప్యాకేజీ జీజీప్లాట్‌లో గీత గీసే జియోమ్_లైన్‌కు తోడు చుక్కలు పెట్టే జియోమ్_పాయింట్ కూడా వేయాలి. ఇక నీ సొంత డేటాలో కొలత లేని రోజుకు అసలు వరుసే లేకపోతే, ఆర్ ఆ ఖాళీని గుర్తించక గీత కలిపేస్తుంది. ముందు టైడీఆర్‌లోని కంప్లీట్‌తో తేదీలన్నీ నింపుకో.

వరుసలు తీసేశానని జీజీప్లాట్ హెచ్చరిస్తే, విసుక్కుని జియోమ్‌లో ఎన్‌ఏలను పక్కన పెట్టమనే ఎన్‌ఏ.ఆర్‌ఎమ్ పెట్టకు, దానివల్ల హెచ్చరిక ఆగుతుందే తప్ప చుక్కలు తిరిగి రావు. నిలువు అక్షానికి వైలిమ్‌తో పెట్టిన హద్దు దాటిన విలువలు కూడా ఎన్‌ఏలుగా మారిపోతాయి కాబట్టి, ఆ హెచ్చరిక ఒక్కోసారి నీ హద్దు గురించే కావచ్చు. అప్పుడు విలువలను తీసేయకుండా చూపే మేరను మాత్రమే మార్చే కోఆర్డ్_కార్టీజియన్ వాడు.

నెలవారీ సగటులకు మాత్రం ఎన్‌ఏ.ఆర్‌ఎమ్ తప్పదు. కానీ జూన్ సగటు 29.4 వచ్చింది తొమ్మిది రోజుల కొలతలతోనే, జూలైకి ఇరవై ఆరు ఉన్నాయి. కడ్డీలు పక్కపక్కన నిలబెడితే ఈ తేడా తెలియదు. ప్రతి కడ్డీ కింద ఎన్ని రోజుల కొలతలో రాయి. ఖాళీల్లో సున్నాలు నింపే ఆలోచన ఉంటే దాన్ని ఇక్కడితో వదిలేయి, ఎందుకంటే గ్రాఫులో సున్నా అంటే ఆ రోజు ఓజోన్ లేనేలేదని అర్థం.

మీ మామయ్య