ప్రతీకార నవల వ్రాస్తున్న మేనకోడలికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీవు పంపిన నవల తొలి ప్రతిని శ్రద్ధగా చదివాను. ఉండవల్లి వైపు కృష్ణ ఒడ్డున ఒక ఆశ్రమం, పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలాన్ని ఒక విధవరాలు ఆ ఆశ్రమానికి వ్రాసి ఇచ్చి చివరికి దిక్కులేక కన్నుమూయడం, ఆమె కూతురు పగబట్టి పుష్కరాల రద్దీలో ఆ స్వామిని నదిలో ముంచి చంపడం, ఇదీ నీ కథ. తల్లీకూతుళ్ల మాటలు వ్రాసిన చోట నీ కలం చక్కగా సాగింది. అయితే నీ ప్రతినాయకుణ్ణి మాత్రం నేను నమ్మలేకపోయాను. ఈ ఊరి సివిల్ కోర్టులలో వకీలుగా జీవితమంతా గడిపినవాణ్ణి, దాన దస్తావేజుల మీద, ట్రస్టుల మీద నడిచిన దావాలను దగ్గరగా చూసినవాణ్ణి కనుక, అటువంటి మనుషులు ఎలా ఉంటారో, వారిపై పగ ఎలా తీరుతుందో, ఎలా తీరదో నాకు తెలిసినంత మేరకు వ్రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ఓపికగా చదువు.

నీ స్వామి మొదటి అధ్యాయంలోనే తలుపులు వేసుకొని మద్యం తాగుతున్నాడు, శిష్యురాళ్లను వెకిలిగా చూస్తున్నాడు, నోట్ల కట్టలు లెక్కపెడుతున్నాడు. పాఠకుడికి అతడు దొంగ అని మూడో పేజీలోనే తెలిసిపోయింది. ఇక ఆ తల్లికి నూరో పేజీ దాకా తెలియకపోతే ఆమె అమాయకురాలిగా కాక తెలివితక్కువదానిగా కనిపిస్తుంది. నీవు స్వామిని దుష్టుడిగా చూపించబోయి తల్లిని చిన్నబుచ్చావు. అరణ్యకాండలో రావణుడు సన్న్యాసి వేషంలో పర్ణశాలకు వచ్చిన ఘట్టాన్ని మరొకసారి చదువు. సీతమ్మ తెలివితక్కువదై అతనికి ఆసనమిచ్చి ఆదరించలేదు. వచ్చినవాడు బ్రాహ్మణుడు, పైగా అతిథి, పలకరించకపోతే శపిస్తాడేమోనని ఆలోచించి మరీ ఆదరించింది. ఆమె ధర్మబుద్ధే అతనికి దారి అయింది. నీ స్వామి కూడా ఆ తల్లిలోని మంచితనం గుండానే ఆమె ఇంట్లోకి రావాలి.

అందుకని నవలలో మూడోవంతు వరకూ పాఠకుడు కూడా ఆ స్వామిని ఇష్టపడేటట్లు వ్రాయమని నా సలహా. భర్త పోయి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి, సాయంత్రమయ్యేసరికి పలకరించే మనిషి లేని స్త్రీకి అతడు ఏమి ఇస్తున్నాడో ముందు చూపించు. ఆమె మోకాళ్ల నొప్పి అతనికి గుర్తుంటుంది. మనవడి పరీక్ష ఎలా జరిగిందని అతడు పేరు పెట్టి అడుగుతాడు. ఆమె చెప్పేది సగంలో తుంచకుండా వింటాడు. కన్నబిడ్డలు ఆదివారం ఫోనులో పది నిమిషాలు వినలేని మాటలను అతడు గంటసేపు విన్నాడంటే ఆమె పొలం వ్రాసి ఇవ్వడంలో ఆశ్చర్యమేముంది? కూతురి పగలో ఈ అపరాధ భావన కూడా కలవాలి. నీ ప్రతిలో అది లేదు, అది లేనందువల్లనే ఆమె కోపం ఒకే స్థాయిలో సాగి విసుగు పుట్టిస్తున్నది.

అతడు నిజంగానే కొంత మేలు చేయాలి. జడ్జిగారి ముందు ఏళ్ల తరబడి రాజీకి రాని అన్నదమ్ములు ఒక స్వామి మాట మీద గట్టు తగాదాను పరిష్కరించుకొని, నా దగ్గరికి వచ్చి దావా ఉపసంహరించుకున్న సందర్భాలు నాకు తెలుసు. తాగుడు మాన్పించినవారున్నారు, పెళ్లిళ్లు కుదిర్చినవారున్నారు. అటువంటి మనుషుల బలం ఇక్కడే పుడుతుంది. బదిలీ కోసం వచ్చే ఉద్యోగి, కాంట్రాక్టు కోసం వచ్చే వ్యాపారి, ఓట్ల కోసం వచ్చే నాయకుడు, ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఎవరికి ఎవరితో పని ఉందో స్వామికి తెలుసు. అతని చుట్టూ అధికారం పెరిగేది ఆ పరిచయాల వల్లనే. తాను దైవాంశ సంభూతుణ్ణని అతడు సగం నమ్మితే మరీ మంచిది. తనను తాను పూర్తిగా దొంగగా ఎరిగినవాడికన్నా, సగం నమ్మినవాడు ఎక్కువ భయంకరుడు.

మాట తీరు గురించి ఒక్క సంగతి. నీవు అతని నోట సంస్కృత శ్లోకాలు గుప్పించావు. అవన్నీ తీసివేయి. మన గుంటూరు పల్లెల మాటే మాట్లాడించు. అతడు ఎన్నడూ ఏదీ అడగకూడదు. "నీ ఇష్టం తల్లీ, నాకెందుకు" అని మాత్రమే అనాలి. అడిగేవారు వేరే ఉంటారు, కార్యదర్శి ఉంటాడు, పదవీ విరమణ చేసిన ఒక అధికారి ఉంటాడు, "స్వామివారి మనసులో ఏముందో మీరే గ్రహించాలమ్మా" అనే పెద్ద ముత్తయిదువ ఉంటుంది.

చేతిలో విభూతి పుట్టించడం వంటి మాయలు వద్దు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. 1940లో ముదునూరులో గోరాగారు స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు వచ్చింది, నిప్పుల మీద నడవడంలో మహత్తు లేదని నడిచి కూడా చూపించింది. ఈ ప్రాంతపు పాఠకులు వాటిని చదివి ఆశ్చర్యపోరు.

ఇక అసలు విషయం దస్తావేజు. నీవు "పొలం రాసిచ్చింది" అని ఒక్క వాక్యంలో దాటవేసిన చోటే నీ నవలకు ప్రాణం ఉంది. కాలాన్ని ముందు స్థిరపరచుకో. 2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని ఈ నది ఒడ్డునే వస్తుందని తేలిన తరువాత ఉండవల్లి, పెనుమాక వైపు భూములకు వచ్చిన విలువ నీకు తెలిసినదే. అంతకుముందు ఆ పొలం వైపు కన్నెత్తి చూడని ఆశ్రమం ఇప్పుడు చూస్తుంది. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగాయి. పుష్కరకాలంలో చేసిన దానానికి ఎంతో ఫలం ఉంటుందనే నమ్మకం ఆమెకు చిన్ననాటి నుంచీ ఉన్నదే. దానిని స్వామి కొత్తగా నూరిపోయవలసిన పని లేదు, గుర్తుచేస్తే చాలు.

దస్తావేజు స్వామి పేరు మీద ఉండదు, ట్రస్టు పేరు మీద ఉంటుంది. "నాకంటూ సెంటు భూమి లేదు" అని అతడు వేదిక మీద చెప్పే మాట కాగితాల ప్రకారం అక్షరసత్యం కావాలి. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషను తప్పనిసరి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, దాత బ్రతికి ఉండగానే పుచ్చుకున్నవారు అంగీకరించాలి. ఆమె ఆఫీసుకు రాలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలు కూడా 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంలోనే ఉంది. ఆ ఇద్దరు సాక్షులుగా ఎవరిని పెడతావో బాగా ఆలోచించు. ఇరుగుపొరుగున ఉండే, ఆమె చేతి కాఫీ తాగిన మనిషి ఒకరైతే ఆ సంతకం తరువాత కథను ఎంతో దూరం నడిపిస్తుంది.

ఆ కార్యదర్శి దుర్మార్గం ఎక్కడ ఉండాలో చెబుతాను. "చివరిదాకా మిమ్మల్ని ఆశ్రమమే చూసుకుంటుందమ్మా" అని ఆమెకు నోటితో మాట ఇస్తారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉంది. కనీస అవసరాలు చూడాలనే షరతుతో ఆస్తిని ఇచ్చినప్పుడు, పుచ్చుకున్నవారు ఆ షరతును తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని వృద్ధులు ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు. కార్యదర్శికి ఈ సంగతి క్షుణ్ణంగా తెలుసు. కనుక దస్తావేజు లేఖరి తనంతట తాను చేర్చిన పోషణ వాక్యాన్ని కొట్టివేయించి "ఎట్టి షరతులు లేకుండా, పూర్ణ మనసుతో" అని వ్రాయిస్తాడు. ఆమెకు దానిని చదివి వినిపిస్తారు. పూర్ణ మనసుతో అన్న మాట ఆమెకు చాలా నచ్చుతుంది. మద్యం సీసాల కన్నా ఈ ఒక్క కొట్టివేత నీ పాఠకుడికి ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

కూతురి చేతికి ఏ ఆయుధం ఇవ్వాలి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ అనుచిత ప్రభావం గురించి, అంటే ఎదుటివారి మీద తనకున్న పట్టును వాడుకొని అన్యాయంగా లాభం పొందడం గురించి చెబుతుంది. 1890లో అలహాబాదు హైకోర్టు ముందుకు ఒక దావా వచ్చింది. పరలోకంలో తన ఆత్మకు మేలు కలుగుతుందని ఒక వృద్ధుడు ఆస్తి మొత్తాన్ని తన గురువుకు వ్రాసి ఇచ్చాడు. గురుశిష్యుల మధ్య జరిగిన అటువంటి దానం సక్రమమని నిరూపించుకొనే భారం గురువు మీదనే ఉంటుందని ఆ కోర్టు చెప్పింది. నీ కథలోని కూతురు ఈ దారిన దావా వేయవచ్చు. కానీ దస్తావేజు రద్దు కోరే దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు మోసం తెలిసిన నాటి నుంచి మొదలవుతుంది. తల్లికే బ్రతికి ఉండగా తెలిసి ఉంటే ఆనాటి నుంచే లెక్క. ఆమె వారసురాలికి కొత్త గడువు రాదు.

ఇప్పుడు నీ నవలలోని రామకోటి పుస్తకాన్ని తీసి చూడు. తల్లి చనిపోయాక కూతురికి అది దొరికినట్లు, దాని చివరి పేజీలలో స్వామి తనను మోసగించాడని తల్లి తేదీతో సహా వ్రాసుకొన్నట్లు నీవే వ్రాశావు. ఆ తేదీ 2018 అనుకో. కూతురు దావా వేసింది 2024లో అనుకో. ఆ పుస్తకం కోర్టులో బయటపడిన నిమిషంలో దావాకు కాలదోషం పట్టినట్లే. దావా గెలవాలంటే కూతురు బోనులో నిలబడి, తన తల్లి చివరి శ్వాస వరకు స్వామిని నమ్మే చనిపోయిందని ప్రమాణం చేసి చెప్పాలి. ప్రతివాది వకీలు క్రాస్ ఎగ్జామినేషనులో అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. పొలం కావాలంటే తల్లి చివరి మాటను దాచాలి. తల్లి మాటను నిలబెట్టాలంటే పొలం పోతుంది. ఇంతటి సంకటాన్ని నీ చేతిలోనే పెట్టుకొని, ఆ పుస్తకాన్ని కేవలం పగ రగిలించడానికి వాడుకొని వదిలేశావు, అమ్మాయీ.

ఆమె ఏది ఎంచుకోవాలన్నది నీ నిర్ణయం. నన్నడిగితే పుస్తకాన్ని కోర్టులో దాఖలు చేయించమంటాను. ఆమె దావా ఓడిపోతుంది. అయితే ఆ పేజీలు కోర్టు రికార్డులోకి ఎక్కుతాయి, ఆ ఆశ్రమానికి అదే విధంగా పొలాలూ ఇళ్లూ వ్రాసి ఇచ్చిన మరికొందరు వాటిని చదువుతారు. తాము మోసపోయామని వారికి తెలిసేది అప్పుడే కనుక వారి గడువు అప్పుడే మొదలవుతుంది. ఒకరి తరువాత ఒకరు దావాలు వేస్తారు. స్వామి తాను పెంచిన నమ్మకం తనకు ఎదురు తిరగడాన్ని బ్రతికి ఉండి చూస్తాడు.

పుష్కరాలలో అతణ్ణి చంపించవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే. పుష్కర స్నానంలో ప్రాణం విడిచిన స్వామికి భక్తులు మర్నాడే సమాధి కడతారు, ఏటా ఆరాధన చేస్తారు, హుండీ పెడతారు. కార్యదర్శి వారసుడవుతాడు. నీ కథానాయిక హంతకురాలవుతుంది, అతడు దేవుడవుతాడు. 2028లో రాబోయే పుష్కరాల దాకా నవలను నడిపించాలన్న నీ ఆలోచన మాత్రం మంచిదే. ఆ ఏడు స్వామి తన అన్నదాన శిబిరంలో ఎవరూ కూర్చోని విస్తళ్ల ముందు నిలబడవచ్చు, లేదా వాయిదాకు హాజరై కోర్టు వరండాలో బల్ల మీద కూర్చోవచ్చు.

అటువంటి పతనం ఎంత నిదానంగా జరుగుతుందో, ఎంత ఖరీదైనదో కూడా మరచిపోకు. హర్యానాలోని డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీం అత్యాచారం చేశాడని ఒక శిష్యురాలు పేరు చెప్పకుండా ప్రధానమంత్రికి ఉత్తరం వ్రాసింది 2002లో. కోర్టు అతణ్ణి దోషిగా తేల్చింది 2017 ఆగస్టులో. ఆనాడు పంచకులలో చెలరేగిన హింసలో ముప్పై మందికి పైగా చనిపోయారు. మరో స్వామి ఆశారాం మీద 2013లో అత్యాచారం ఫిర్యాదు చేసిన బాలిక, 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూరు కోర్టు శిక్ష వేసేదాకా నిలబడింది. ఈలోగా సాక్షుల మీద దాడులు జరిగాయి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీ కూతురి పక్షాన సాక్ష్యం చెప్పే ఆ పొరుగింటి మనిషికి కూడా భయం ఉండాలి, ఆ భయాన్ని నీవు గౌరవించాలి. ఆశ్రమంలో తెల్లవారుజామునే లేచి వందలమందికి వండిపెట్టే ఒక నిష్కపట భక్తురాలిని కూడా సృష్టించు. స్వామి కూలిపోతే ఆమెకు తిండీ నీడా రెండూ పోతాయి. ఆమె ఎదుట నీ కథానాయిక తల ఎత్తుకొని ఏమి చెప్పగలదో వ్రాయి.

చివరగా వకీలుగా ఒక జాగ్రత్త. బ్రతికి ఉన్న ఏ స్వామినీ, ఏ పీఠాన్నీ గుర్తుపట్టేటట్లు వ్రాయవద్దు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. ఊహించిన ఆశ్రమానికి ఊహించిన పేరే పెట్టు, ట్రస్టు పేరు ఎక్కడా లేనిదని సరిచూసుకో. దేవుడి మీద భక్తిని ఎక్కడా కించపరచవద్దు. ఆ తల్లి భక్తి నిజమైనది.

ముందుగా దస్తావేజు అధ్యాయాన్ని తిరిగి వ్రాసి పంపు. వ్రాసేముందు ఒక పూట సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో బెంచీ మీద కూర్చొని, ముసలివారు ఫోటో దిగేటప్పుడు, వేలిముద్ర వేసేటప్పుడు వెంట వచ్చినవారు ఏమి మాట్లాడతారో విను. దాన దస్తావేజు ముసాయిదాను, కొట్టివేసిన వాక్యంతో సహా, నేను వ్రాసి ఉంచుతాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు తీసుకొని వెళ్లు. క్రాస్ ఎగ్జామినేషను ఘట్టాన్ని మాత్రం నేను చూడకుండా ప్రచురణకు ఇవ్వవద్దు.

ఇట్లు
మీ మావయ్య