ఎన్‌ఓసీ ఇవ్వరు, ఆడనివ్వరు: మా అమ్మాయి ఇంతకీ ఏ రాష్ట్రం ఫెన్సర్?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మావారికి బ్యాంకులో బదిలీ అయ్యి పోయిన జూన్‌లో హైదరాబాద్ వచ్చేశాం. అమ్మాయికి 15 ఏళ్లు, ఇక్కడే పదో తరగతిలో చేర్చాం. నాలుగేళ్లుగా ఫెన్సింగ్‌లో (కత్తిసాము ఆట) ఎపీ అనే కత్తి విభాగంలో ఆడుతోంది, ఆంధ్రా తరఫున రిజిస్టర్ అయ్యింది. ఇక్కడ క్యాడెట్ (అండర్ 17) సెలక్షన్స్‌కి తీసుకెళ్తే "ఆంధ్రా నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెండి, అదీగాక ఇక్కడ ఏడాది నివాసం ఉండాలి" అన్నారు. అక్కడ అడిగితే "ఈ సెలక్షన్స్ అయిపోనివ్వండి, చూద్దాం" అంటున్నారు. ఆధార్‌లో అడ్రస్ మార్చేశాం, అది చాలదా? పాత తేదీతో అద్దె అగ్రిమెంట్ రాయించుకోమని తెలిసినవాళ్లు సలహా ఇస్తున్నారు. ఇంకో సంగతి, అమెరికాలో పుట్టిన మా అక్క కొడుకు కూడా ఫెన్సరే, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకిచ్చేది) ఉంది, వాడు ఇండియాకి ఆడొచ్చా?

జవాబు: ముందు ఆ పాత తేదీ అగ్రిమెంట్ సంగతి తేల్చేద్దాం. వద్దు. స్టాంపు పేపరు మీద అమ్మిన తేదీ ఉంటుంది, అమ్మినచోట రికార్డు ఉంటుంది, అన్నిటికీ మించి మీ అమ్మాయి ఆ నెలల్లో విశాఖలో బడికి వెళ్లినట్టు హాజరు పట్టీ ఉంటుంది. రేపు మీ పిల్ల వల్ల చోటు పోయిన ఇంకో పిల్ల తండ్రి ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఫిర్యాదు చేస్తే అగ్రిమెంట్ రాయించమన్నవాళ్లు ఎవరూ కనబడరు. సస్పెన్షన్ పడేది అమ్మాయికి, మోసం కేసంటూ స్టేషన్ చుట్టూ తిరిగేది మీరు. ఏడాది ఆట పోతే మళ్లీ వస్తుంది కానీ ఈ మచ్చ అంత తేలిగ్గా పోదు.

ఆధార్ చాలదు. ఆధార్ చట్టం సెక్షన్ 9లోనే రాసి ఉంది, ఆధార్ నంబరు పౌరసత్వానికీ, డొమిసైల్‌కీ (చట్టం దృష్టిలో శాశ్వత నివాసానికీ) రుజువు కాదని. అడ్రస్ ప్రూఫ్‌గా పక్కన పెట్టండి, అంతవరకే. మీ దగ్గర అంతకన్నా గట్టి కాగితాలే ఉన్నాయి కదా: మీవారి బదిలీ ఆర్డరు, అమ్మాయి టీసీ, ఇక్కడి స్కూలు బోనఫైడ్, అసలు తేదీతో ఉన్న అద్దె అగ్రిమెంట్. మీసేవలో నివాస ధ్రువపత్రానికి కూడా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇలాంటి గొడవల్లో అందరూ మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేసి మాట్లాడుతుంటారు, అసోసియేషన్ వాళ్లతో సహా. ఒకటి డొమిసైల్, రెండోది నివాసం (ఇప్పుడు ఉంటున్న చోటు), మూడోది రిజిస్ట్రేషన్ (ఏ సంఘంలో పేరు నమోదైందన్నది). "తెలంగాణ డొమిసైల్", "ఆంధ్రా డొమిసైల్" అన్న మాటలు రోజూ వింటాం కానీ చట్టం లెక్కలో మన దేశంలో ఉన్నది ఒకటే డొమిసైల్, భారతదేశపు డొమిసైల్. సుప్రీంకోర్టు 1984లో ప్రదీప్ జైన్ కేసులో ఈ మాటే చెప్పింది, 2025 జనవరిలో మెడికల్ పీజీ సీట్ల మీద వచ్చిన తన్వీ బెహల్ తీర్పులోనూ మళ్లీ చెప్పింది. కాబట్టి ఎవరైనా "మీరు ఇక్కడివాళ్లు కాదు" అంటే చట్టంలో దానికి అర్థం లేదు. అలాగని నివాసం నిబంధన పెట్టడమే తప్పని అనుకోకండి. పుట్టిన ఊరిని బట్టి వివక్ష చూపకూడదని ఆర్టికల్ 15 అంటుంది, ఉంటున్న ఊరిని బట్టి తేడా చూపించడం వేరే సంగతని 1955లోనే డి.పి. జోషి కేసులో తేలిపోయింది. అంటే ఏడాది నివాసం ఉండాలని ఒక క్రీడా సంఘం తన నియమావళిలో రాసుకుంటే, ఆ ఒక్క కారణంతో కోర్టు దాన్ని కొట్టేస్తుందని నేను మీకు ఆశ పెట్టను.

కానీ రాసుకుంటే, అన్నాను చూడండి, మీ కేసంతా ఆ మాట మీదే ఉంది. మీకు ఆ ఏడాది నిబంధన ఎవరు చెప్పారు? గ్రౌండ్‌లో ఎవరో నోటితో చెప్పారు. ఎక్కడ రాసి ఉంది, రాష్ట్ర సంఘం బైలాస్ (నియమావళి)లోనా, ఫెన్సింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సర్క్యులర్‌లోనా, ఈ సెలక్షన్స్ నోటిఫికేషన్‌లోనా? ఏ తేదీ నుంచి అమల్లో ఉంది? తల్లిదండ్రుల ఉద్యోగ బదిలీకి మినహాయింపు ఉందా? ఇవన్నీ ఒక్క కాగితం మీద రాసి ఇక్కడి సంఘాన్ని అడగండి. ఆ మధ్య ఒకాయన ఇలాగే కొడుకు విషయం మీద నా దగ్గరికి వచ్చాడు, పెద్ద ఫైలు తెచ్చాడు, మెడల్స్ ఫొటోలు, సర్టిఫికెట్లు, లామినేషన్ చేయించిన పేపర్ కటింగులు అన్నీ ఉన్నాయి. కాదన్న కాగితం ఏదండీ అంటే ఫోన్ తీసి ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్ వినిపించాడు, "చూద్దాం సార్, మీరు టెన్షన్ పడకండి" అని అందులో. దాన్ని పట్టుకుని హైకోర్టుకు ఏం వెళ్తాం? నిరాకరణే లేదుగా అందులో! (మీ దగ్గర అలాంటి మెసేజ్‌లుంటే మాత్రం చెరిపేయకండి, కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో వాటినీ కోర్టు ముందు పెట్టొచ్చు, కాకపోతే అవి తోడు సాక్ష్యమే.)

ఎన్‌ఓసీ దగ్గర మీకు పట్టు ఎక్కువ. ఎన్‌ఓసీ అనేది పార్లమెంటు చేసిన చట్టం కాదు, సంఘాల మధ్య ఏర్పాటు, ఒకే సీజన్లో ఒకే పిల్ల రెండు రాష్ట్రాలకు ఆడకుండా చూడటానికి. ఆ ఉద్దేశం సబబే. అయితే దాన్ని ఆపి ఉంచేవాళ్లు అమ్మాయిని తమ సెలక్షన్స్‌కైనా పిలవాలి, లేదా వదిలెయ్యాలి. రెండూ చేయకపోతే పిల్ల రెంటికి చెడ్డ రేవడి అవుతుంది. ఆంధ్రా సంఘానికి రాసే లేఖలో అడగాల్సింది కూడా సరిగ్గా ఇదే: "ఫలానా తేదీలోగా ఎన్‌ఓసీ ఇవ్వండి, ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి, అప్పటిదాకా మా అమ్మాయిని మీ సెలక్షన్స్‌కు అనుమతించండి." ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచుకోండి. తొందరపడి రెండు చోట్లా ట్రయల్స్‌కి మాత్రం పంపకండి, ఆ ఒక్క పొరపాటుతో న్యాయం అవతలివాళ్ల వైపు వెళ్లిపోతుంది.

వాళ్లు ఎందుకింత బిగుసుకుపోతున్నారో కూడా కాస్త అర్థం చేసుకోవాలి. ఫెన్సింగ్ టీమ్ ఈవెంట్‌లో పిస్ట్ (పోటీ జరిగే పట్టీ) ఎక్కేది ముగ్గురే, ఇంకొకరు రిజర్వు. అంటే ఒక ఆయుధంలో జట్టుకి నాలుగు చోట్లు. బాగా ఆడే కొత్త అమ్మాయి వచ్చిందంటే ఇన్నాళ్లూ మాస్కు, గ్లోవు, బాడీ కార్డు (ఒంటికి తగిలించుకునే వైరు) సంచీలో మోసుకుని పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చిన ఇక్కడి పిల్లల్లో ఒకరు ఇంటికి వెళ్లిపోవాలి. ఇటు మీ విశాఖ కోచ్ వైపు నుంచి చూస్తే, నాలుగేళ్లు తయారుచేసిన పిల్ల పక్క రాష్ట్రానికి మెడల్ తెస్తుంది. బాధ ఉండదా మరి! అందుకే నోటీసు పంపేముందు మీవారిని ఒకసారి నేరుగా వెళ్లి బదిలీ ఆర్డరు చూపించి మాట్లాడమనండి. నాకు ఫీజు రాదు గానీ, చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

తేలకపోతే? సంఘాలు రెండూ సొసైటీలుగా రిజిస్టరై ఉంటాయి కాబట్టి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 సెక్షన్ 23 కింద జిల్లా కోర్టుకు వెళ్లమని కొందరు చెబుతారు. ఆ సెక్షన్ చదివితే దరఖాస్తు పెట్టుకోగలిగింది సొసైటీ "మెంబరు". మామూలుగా రాష్ట్ర సంఘంలో మెంబర్లు జిల్లా సంఘాలు. మీ అమ్మాయి రిజిస్టర్ అయిన క్రీడాకారిణి, ఫీజు కట్టింది, ఐడీ నంబరు ఉంది, అంతమాత్రాన ఓటున్న మెంబరు అయిపోదు. బైలాస్ చూడకుండా ఆ దారి పట్టకండి. మీకు పనికొచ్చేది హైకోర్టులో ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్. క్రీడా సంఘం ప్రభుత్వం కాదు కదా అంటారు. నిజమే, 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో బీసీసీఐ "రాజ్యం" కాదన్నారు, కానీ జట్లను ఎంపిక చేయడం లాంటి ప్రజా విధులు చేస్తుంది కాబట్టి 226 కింద హైకోర్టు అడగొచ్చని అదే తీర్పులో ఉంది. రాష్ట్రం పేరుతో జట్టును పంపే సంఘం మీదా అదే వాదన పెడతాం. ఎన్‌ఓసీ ఆపినందుకైతే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇక్కడ ఆడనివ్వనందుకైతే తెలంగాణ హైకోర్టు. అమ్మాయి మైనరు కాబట్టి ఆమె పేరు మీద మీరు వేస్తారు.

ఎవరు బాగా ఆడతారన్నది కోర్టు తేల్చదు, సెలక్టర్ల పనిలో జడ్జిలు వేలు పెట్టరు. అడగాల్సింది, సెలక్షన్స్‌లో ప్రొవిజనల్‌గా ఆడనివ్వమని, ఫలితం తుది తీర్పుకి లోబడి ఉంటుందని ఒక మధ్యంతర ఉత్తర్వు. అదీ ముందుగా వెళ్తేనే. ఎల్లుండి ట్రయల్స్ అనగా ఇవాళ సాయంత్రం ఫైల్ చేస్తే "ఇన్నాళ్లూ ఏం చేశారు" అన్న ప్రశ్నే మొదట వస్తుంది. ఇంకోటి, 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది, అందులో నేషనల్ స్పోర్ట్స్ ట్రిబ్యునల్ పెట్టారు. ట్రిబ్యునల్ పరిధిలోని విషయాలకు సివిల్ కోర్టు తలుపు మూసేశారు. హైకోర్టు రిట్ అధికారం రాజ్యాంగం ఇచ్చింది కాబట్టి అది పోదు, కాకపోతే "ట్రిబ్యునల్‌కి ఎందుకు వెళ్లలేదు" అని జడ్జిగారు అడిగే రోజులివి. పిటిషన్‌లో దానికి జవాబు ముందే రాసి ఉంచమని మీ లాయరుకు చెప్పండి.

ఈలోగా స్కూల్ గేమ్స్ దారి మూసుకోకండి. అక్కడ ప్రధానంగా చూసేది పిల్ల ఏ బడిలో చదువుతోందన్నది. అండర్ 17 విభాగం ఉంటుంది, మీ స్కూలు పీఈటీని రేపే కలవండి.

మీరు అడగలేదు కానీ చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. ఆటలో రాష్ట్రం మారడం వేరు, సీట్లలో "లోకల్" అవడం వేరు. తెలంగాణలో మెడికల్ సీట్లకు 2024లో వచ్చిన జీఓ 33 ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి, సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న దాన్ని సమర్థించింది. మీ అమ్మాయి తొమ్మిది విశాఖలో చదివింది. ఉద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ బ్యాంకు బదిలీ అన్నంత మాత్రాన వాటిలోకి వస్తారనుకోవద్దు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకుని ఉంటే ఇంటర్ ఎక్కడ చదివించాలో ఇప్పుడే లెక్క వేసుకోండి.

ఇక మీ అక్కగారి అబ్బాయి. అమెరికాలో పుట్టి అక్కడి పాస్‌పోర్టు ఉంటే ఓసీఐ కార్డుతో ఇండియా తరఫున ఆడటానికి లేదు. ఓసీఐ అంటే పౌరసత్వం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశానికి ఆడాలని కేంద్రం 2008లో విధానం పెట్టింది, కర్మ్ కుమార్ అనే స్క్వాష్ ఆటగాడు దాన్ని సవాలు చేస్తే 2010లో ఢిల్లీ హైకోర్టు ఆ సవాలును కొట్టేసింది. అదే గ్రీన్ కార్డు మీద ఉండి చేతిలో ఇంకా మన పాస్‌పోర్టే ఉన్న పిల్లలకు ఈ అడ్డంకి లేదు. అబ్బాయి ఒకసారి అమెరికా తరఫున అంతర్జాతీయ పోటీలో దిగితే, తర్వాత దేశం మారినా ఒలింపిక్స్ కోసం మామూలుగా మూడేళ్లు ఆగాలని ఒలింపిక్ చార్టర్ చెబుతుంది. వాళ్ల అమ్మతో ఈసారి మాట్లాడినప్పుడు వాడి పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కుని రాయండి, మీ రెండు లేఖల నకళ్లు కూడా దాంతోపాటే పంపండి.