పుస్తకం మూశాక పరుగెందుకు భారం?

ప్రశ్న: కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతున్నాను. పొద్దుటి నుంచీ లైబ్రరీలో కూర్చుని లెక్కలు, రీజనింగ్ చేస్తాను. ఒళ్లు కదిలే పనేమీ ఉండదు. అయినా సాయంత్రం కేఆర్ స్టేడియంలో పరుగుకి దిగితే రెండో రౌండుకే కాళ్లు లాగేస్తున్నాయి. చదువు లేని ఆదివారం అదే 1600 మీటర్లు హాయిగా పరిగెడుతున్నాను. ఎందుకిలా?
– ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, నీ కాళ్లలో సత్తువ ఎక్కడికీ పోలేదు. అలిసింది మెదడు. 2009లో బ్రిటన్‌లో మార్కోరా అనే శాస్త్రవేత్త బృందం ఇదే పరీక్షించింది. కొందరి చేత గంటన్నర సేపు కంప్యూటర్ ముందు దృష్టి మరల్చనివ్వని పని చేయించి, ఆ వెంటనే సైకిల్ తొక్కించారు. ఇంకో రోజు అంతసేపూ డాక్యుమెంటరీ చూపించి తొక్కించారు. బుర్ర అలిసిన రోజున వాళ్లు దాదాపు రెండు నిమిషాల ముందే ఆపేశారు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు మామూలుగానే పనిచేశాయి. 'కష్టంగా ఉంది' అనే భావన మాత్రం మొదటి నుంచీ ఎక్కువగా ఉంది.

కొండవెలగాడ వైపు పిల్లలకి బరువులు ఎత్తడం నేర్పుతూ నేనూ ఇది చూస్తున్నాను. పరీక్షల రోజుల్లో కూడా ఒక్కసారి ఎత్తాల్సిన పెద్ద బరువు ఎత్తేస్తారు. అదే పనిగా సెట్ల మీద సెట్లు చేయమంటే మాత్రం మధ్యలోనే బార్ దించేస్తారు. నీ 1600 మీటర్లు ఆ రెండో రకం పని.

అందుకని వీలైతే తెల్లవారుజామునే, పుస్తకం పట్టకముందే పరిగెత్తు. సాయంత్రమే కుదురుతుందంటే గంట ముందు చదువు ఆపెయ్. కాసేపు నాగావళి గట్టున నడువు, లేదా కళ్లు మూసుకుని పడుకో. ఫోన్ చూడడం విశ్రాంతి అనుకోకు, రీల్స్ చూస్తున్నంతసేపూ మెదడు పనిలోనే ఉంటుంది. టీ అలసటని కాసేపు కప్పుతుందంతే. పొద్దుగూకాక తాగితే రాత్రి నిద్ర పాడు చేస్తుంది.

పరుగు మొదట్లో బద్ధకంగా ఉంటే కంగారు పడకు. నెమ్మదిగా మొదలెట్టి, ఓ పది నిమిషాల తర్వాత చూసుకో. ఒళ్లు తేలికపడితే కొనసాగించు. రౌండు రౌండుకీ భారం పెరుగుతుంటే ఆ రోజుకి ఇంటికి వెళ్లిపో.

ఒంటి అలసట లెక్క వేరు. ఒక దౌడు తీశాక ఊపిరి అందడానికి నాలుగైదు నిమిషాలు చాలు. గట్టిగా పరిగెత్తితే కండరాల్లో ఖర్చయిన శక్తి నిల్వలు నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, సరిగ్గా తింటేనే సుమా. అలవాటు లేని శ్రమ చేస్తే ఒళ్లునొప్పులు రెండో రోజున ముదురుతాయి. గట్టి పరుగు మర్నాడు నడకతో సరిపెట్టు, చోడంబలి (రాగి అంబలి) తాగు, నిద్ర తగ్గించకు.

ఇవన్నీ పాటించినా ఆదివారం కూడా నీరసంగానే ఉంటే పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించుకో. 12 కంటే తక్కువుంటే అది రక్తహీనత. దానికి డాక్టరు మందు కావాలమ్మా.