పాప నిద్రపోవడం లేదు, మిమ్మల్నే చూస్తోంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మాకు ఐదు నెలల పాప. పుట్టినప్పటి నుంచి కళ్ళు సగం కూడా తెరవదు. కళ్ళు చిన్నవి, రెండింటి మధ్య దూరం ఎక్కువ, లోపలి మూలల్లో చర్మం మడత పడి ఉంటుంది. కాన్పు జరిగిన చోట కాగితం మీద 'బ్లెఫరోఫైమోసిస్' అని రాసిచ్చి, పెద్దయ్యాక ఆపరేషన్ చేయించుకోవచ్చన్నారు. ఏడో నెలలో గ్రహణం రోజు నేను వాకిట్లోకి వచ్చాను, అందుకే ఇలా అయిందని అత్తయ్యగారు అంటారు. పెళ్ళీడు వచ్చాక చేయిద్దాం, ఇప్పట్నుంచీ ఆసుపత్రులు తిప్పి నలుగురికీ తెలిసేలా చేయడం ఎందుకంటారు. అన్నప్రాసన కూడా ఎవర్నీ పిలవకుండా కానిచ్చేద్దాం అంటున్నారు. మొన్న వీడియో కాల్‌లో మా ఆయన "ఎప్పుడూ నిద్రేనా, లేపు" అన్నారు. అది మేలుకునే ఉంది. ఫోన్ కట్ చేసి ఏడ్చాను. ఆడపిల్లకి ఈ జబ్బుంటే పిల్లలు పుట్టరని ఫోన్లో చదివాను. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. తప్పు నాదేనా అక్కా?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. 'అది మేలుకునే ఉంది' అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో అందరూ పాపకి ఏం లేదో చూస్తుంటే, పాప మేలుకుని ఉన్న సంగతి నీకొక్కదానికే తెలుసు. అందుకే ఇప్పుడు చేయాల్సిన పని కూడా ముందు నీ చేతుల మీదుగానే మొదలవ్వాలి.

తప్పు నీది కాదు. మీ ఆయనదీ కాదు. ఈ రెప్పల తీరుకి కారణం ఎఫ్ఓఎక్స్ఎల్2 అనే జన్యువులో వచ్చే మార్పు. ఆ సంగతి 2001లో తేలింది. బిడ్డ కడుపులో ఒక్క కణంగా ఉన్నప్పుడే ఆ మార్పు ఉంటుంది, అంటే నీకు నెల తప్పిందని తెలియకముందే. రెప్పలు కూడా మూడో నెలకల్లా ఏర్పడి, ఒకదానికొకటి అతుక్కుని, ఆరో నెల దాటేసరికి మళ్ళీ విడివడతాయి. ఏడో నెలలో నువ్వు వాకిట్లో నిలబడినా, గదిలో తలుపు వేసుకుని పడుకున్నా పాప కళ్ళు ఇలాగే ఉండేవి. ఆ గ్రహణం మీ ఇంటికి మాత్రమే పట్టలేదు కదా. ఆ రోజు కోనసీమలో కడుపుతో ఉండి పనీపాటా చేసుకున్న ఆడవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళ పిల్లల్ని అంగన్‌వాడీలో నువ్వు చూస్తూనే ఉంటావు.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఇది ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం సగం. ఇద్దరిలో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా మొదలవడం కూడా తరచూ జరుగుతుంది. అలాంటప్పుడు తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం బాగా తక్కువ. డాక్టరు తప్పకుండా ఈ ప్రశ్న అడుగుతారు కాబట్టి రెండు వైపుల పాత పెళ్ళి ఫొటోలు ఒకసారి తిరగెయ్యి. ఒకవేళ మీ అత్తింటి వైపు ఎవరికైనా ఇలాంటి కళ్ళు కనిపిస్తే, 'చూశారా, మీ వైపు నుంచే' అన్న మాట నీ నోట రానివ్వకు. నిన్ను అంత బాధపెట్టిన మాటే కదా అది.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో అందరూ దీన్ని అందానికి సంబంధించిన విషయం అనుకుంటున్నారు, అందుకే పెళ్ళీడు మాట వచ్చింది. ఇది చూపుకి సంబంధించిన విషయం.

పుట్టేసరికే బిడ్డకి చూపు పూర్తిగా వచ్చేసి ఉండదు. కన్ను చూపించేదాన్ని మెదడు రోజురోజుకీ నేర్చుకుంటుంది. మొదటి రెండు మూడేళ్ళలో చాలా వేగంగా నేర్చుకుని, ఏడెనిమిదేళ్ళకి దాదాపు ఆగిపోతుంది. ఆ కాలంలో రెప్ప కంటిపాపకి అడ్డం పడితే, ఆ కంటితో చూడటం మెదడు నేర్చుకోదు. దాన్నే లేజీ ఐ అంటారు. రెప్ప అడ్డం పడకపోయినా ఈ పిల్లల్లో సైట్, మెల్లకన్ను ఎక్కువగా కనిపిస్తాయి. వాటివల్లా చూపు మందగిస్తుంది. ఇరవయ్యో ఏట ఆపరేషన్ చేయిస్తే రెప్పలు పైకి లేస్తాయి, పెళ్ళిచూపుల ఫొటో బాగా వస్తుంది. చిన్నప్పుడు పోయిన చూపు మాత్రం అప్పుడు తిరిగి రాదు. అత్తయ్యగారికి ఈ ఒక్క మాట నెమ్మదిగా, రెండు మూడుసార్లు చెప్పు. ఆవిడ పాపకి చెడు కోరి అనడం లేదు, ఇందులో గడువు ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

నీకు కాగితం రాసిచ్చిన వాళ్ళు చెప్పినదాంట్లో సగమే నిజం. ఆపరేషన్‌కి ఆగొచ్చు, పరీక్షకి ఆగకూడదు. చాలామంది పిల్లలకి మూడు నుంచి ఐదేళ్ళ మధ్యలో ముందు లోపలి మూలల మడత సరిచేస్తారు. కొన్ని నెలలు ఆగి రెప్పని నుదుటి కండరానికి సన్నటి పట్టీతో కలిపి పైకెత్తుతారు. పాప నుదురు ముడతలు పెట్టి కనుబొమలు ఎగరేయడం గమనించావా? రెప్పని లాగే కండరానికి బలం లేక ఆ పని నుదుటితో చేస్తోంది. ఆపరేషన్ చేసేది కూడా అదే దారిలో. పట్టీకి సిలికాన్ వాడతారు, లేదా పాప తొడ నుంచి తీసిన పొర వాడతారు. తొడ నుంచి తీయాలంటే మూడు నాలుగేళ్ళు నిండాలి. రెప్పలు కంటిపాపని మూసేస్తున్నాయని తేలితే మాత్రం అంతకాలం ఆగరు, ఇంకా చిన్న వయసులోనే రెప్ప ఎత్తేస్తారు. మీ పాపది ఏ రకమో ఉత్తరం చదివి నేను చెప్పలేను, పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి. ఒక్క ఆపరేషన్‌తో అన్నీ అయిపోతాయని కూడా అనుకోవద్దు. ఆ తర్వాత నిద్రలో రెప్ప పూర్తిగా మూతపడదు. నల్లగుడ్డు ఎండిపోకుండా చుక్కలు, ఆయింట్‌మెంట్ క్రమం తప్పకుండా వేయాలి. కళ్ళద్దాలు రావచ్చు. ఒక కన్ను వెనకబడితే బాగున్న కంటిని మూసేలా రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేయమనవచ్చు. పిల్లలు పీకేస్తారు, ఏడుస్తారు, అయినా వేయాలి. ఆ రోజులకి అత్తయ్యగారి సాయం నీకు చాలా కావాలి.

మీకు రావులపాలెం మీదుగా విజయవాడ వెళ్ళడం తేలిక. విజయవాడ పక్కన తాడిగడపలోనూ, విశాఖపట్నంలోనూ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆసుపత్రులున్నాయి. డబ్బు కట్టలేని వాళ్ళకి అక్కడ ఉచితంగా చూస్తారు. పిల్లల కంటి డాక్టరు, రెప్పల ఆపరేషన్లు చేసే డాక్టరు ఇద్దరూ చూడాలని రిజిస్ట్రేషన్ దగ్గరే చెప్పు. చుక్కలు వేసి సైట్ చూస్తారు, కాబట్టి ఆ పూటంతా పాపకి వెలుతురు పడదు. ఒక టోపీ పట్టుకెళ్ళు. రెప్ప కంటిపాపని ఎంతవరకు మూస్తోంది, సైట్ ఉందా, మళ్ళీ ఎన్ని నెలలకి రావాలి, ఈ మూడింటికీ జవాబు తీసుకోకుండా బయటికి రావద్దు. మీ ఊరి ఆశా కార్యకర్తకీ చెప్పు. పుట్టుకతో వచ్చిన లోపాలున్న పిల్లల్ని గుర్తించి వైద్యం అందేలా చూడటానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, పద్దెనిమిదేళ్ళ వరకూ ఉచితం. కొబ్బరి తోట ఉంటే, వచ్చే దింపులో కాయలమ్మిన డబ్బులు చేతికొచ్చాక వెళ్దాంలే అనుకోకు. ముందు బస్సు ఎక్కు.

ఈలోగా ఇంట్లో కొన్ని మానేయాలి. కళ్ళు తెరుచుకుంటాయని చనుబాలు పిండటం, ఆముదం రాయటం, కాటుక పెట్టటం వద్దు. ఇన్ఫెక్షన్ రావడం తప్ప రెప్ప కండరానికి వీటివల్ల ఒరిగేది లేదు. మెడ బాగా నిలిచేకొద్దీ పాప గడ్డం పైకెత్తి చూస్తుంది. 'తల దించు' అని ఎవరూ గడ్డం కిందికి నొక్కకండి. రెప్పల కింద నుంచి లోకాన్ని చూడటానికి పాప తనకి తానే కనిపెట్టుకునే దారి అది. నువ్వు మాట్లాడేటప్పుడు నీ ముఖం పాప ముఖానికి దగ్గరగా, కాస్త కిందుగా ఉంచు. బొమ్మ చూపించినా అలాగే. ముఖం వైపు చూపు నిలపట్లేదనిపించినా, కదిలేదాని వెంట కళ్ళు తిప్పట్లేదనిపించినా అది డాక్టరుకి చెప్పాల్సిన మొదటి మాట.

మీ ఆయన సంగతి. దూరాన ఉన్న మనిషికి ఫోన్ తెరే పాప. ఆయన తెలియక అన్నారు. ఈసారి కాల్ చేసినప్పుడు వెలుతురు పాప ముఖం మీద పడేలా కూర్చో, ఫోన్ పాప ముఖానికి కొంచెం కిందుగా పట్టుకో. 'ఇది నిద్ర కాదండీ, మిమ్మల్నే చూస్తోంది, మాట్లాడండి' అను. గొంతు వినగానే పాప కాళ్ళు ఆడించడం ఆయనే చూస్తారు. తర్వాత ఆ కాగితం సంగతి, గడువు సంగతి దాచకుండా చెప్పు. కొడుకు అక్కడి నుంచి ఒక్క మాట చెబితే అత్తయ్యగారు ప్రయాణానికి ఒప్పుకోవడం తేలికవుతుంది.

పిల్లలు పుట్టరు అన్నది. ఈ బ్లెఫరోఫైమోసిస్ రెండు రకాలు. ఒక రకంలో రెప్పలకే పరిమితం. ఇంకో రకంలో ఆడవాళ్ళకి అండాశయాలు నలభై ఏళ్ళ లోపే పని తగ్గించేస్తాయి, అందుకే గర్భం రావడం కష్టమవుతుంది. ముఖం చూసి ఏ రకమో చెప్పలేం. జన్యు పరీక్ష కొంత చెప్తుంది, ప్రతిసారీ కచ్చితంగా చెప్పదు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. నిదానంగా ఒకసారి అక్కడికి వెళ్ళి మాట్లాడండి. ఈడొచ్చే వయసులో హార్మోన్ల డాక్టరుకి చూపించాలన్న మాట మాత్రం పాప ఫైల్లో రాసి పెట్టుకో. ఆ రకమే అయినా వైద్యం ఉంది, తల్లి కావడానికి వేరే దారులూ ఉన్నాయి. పాల పళ్ళు కూడా రాని బిడ్డ గురించి ఆ దిగులు ఈ రాత్రి మొయ్యనక్కర్లేదు తల్లీ. దాదాపు ఈ పిల్లలందరికీ తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. ఇది కూడా ఫోన్లో చదివే ఉంటావు, భయంలో కంటికి ఆనలేదు.

నిద్ర పట్టకపోవడం గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. కాన్పయిన ఐదు నెలలకీ ఏడుపు ఆగకపోతే, అన్నం సహించకపోతే అది బలహీనత కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది. టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా ఆ క్షణమే చెయ్యి, పక్కనున్న మనిషిని లేపి చెప్పు. మీ అమ్మగారిని ఓ పదిరోజులు వచ్చి ఉండమను.

అన్నప్రాసన నలుగురినీ పిలిచే చెయ్యండి. దాచిన పిల్లకి కొత్త ముఖాలు కనబడవు, మెదడుకి నేర్చుకోవడానికి కావాల్సినవి ఆ ముఖాలే. వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతారు. 'రెప్పల కండరానికి పుట్టుకతోనే బలం తక్కువండీ, విజయవాడలో చూపిస్తున్నాం' అని చెప్పి, పాయసం గిన్నె అందించు. మొదటి ముద్ద అత్తయ్యగారి చేత పెట్టించు. పాప గడ్డం ఎత్తి ఆవిడ ముఖంలోకి చూస్తుంది కదా, ఆవిడని కాస్త వంగమను.

విజయవాడ వెళ్ళొచ్చాక డాక్టరుగారు ఏమన్నారో నాకు రాయి.