పియానో మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉండదు, తల్లీ

మూలాపేట,
నెల్లూరు.

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ సర్టిఫికెట్ చేతికొచ్చి నెల కాలేదు, ఉద్యోగం వద్దని మద్రాసు పోయి జాజ్ పియానో నేర్చుకుంటావట, సొంతంగా సంగీతం కూరుస్తావట అని ఒక్క గుక్కలో చెప్పింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఒరే తమ్ముడూ, అది నిజంగా బాగా వాయిస్తుందా?" అని అడిగింది. బాగా వాయిస్తుందక్కా అన్నాను. ఇంకొక మాట కూడా అంది, అది తర్వాత చెబుతాను. ఆ మాటకే రాత్రంతా నిద్ర పట్టలేదు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. 88 మెట్లూ బరువుగా ఉండే డిజిటల్ పియానో కొనుక్కో, తేలిక మెట్ల మీద వేళ్ళకు బలం రాదు. అప్పు చేసి మాత్రం కొనొద్దు. రోజూ లయ తప్పకుండా టక్ టక్ మనే మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చెయ్యి. చెయ్యి నొప్పి పుడితే ఆపెయ్యి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. సినిమా హాల్లో ఆడినప్పుడు తప్ప మిగతా చోట్ల సినిమా పాటకు వచ్చే రాయల్టీలో, సంగీతం కూర్చినవాళ్ళ వాటాను వాళ్ళ వారసులు, కాపీరైట్ సొసైటీ తప్ప ఇంకెవరూ రాయించుకోవడానికి వీల్లేదు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్ఎస్, అందులో సభ్యత్వం తీసుకో.

డబ్బు సంగతి. మన దేశంలో జాజ్ ఒక్కదాంతోనే ఇల్లు గడవడం కష్టం. జాజ్ పియానిస్టు లూయిజ్ బ్యాంక్స్ అంతటివాడు డార్జిలింగ్‌లో పుట్టి, కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో వాయించి, బొంబాయి చేరాక సినిమాలకు వాయించాడు, ప్రకటనలకు జింగిల్స్ చేశాడు. మా కాలంలో దూరదర్శన్‌లో వచ్చిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' సంగీతంలో ఆయన చెయ్యి ఉంది. పిల్లలకు పాఠాలు చెప్పడం, జింగిల్ చెయ్యడం, పెళ్ళి రిసెప్షన్‌లో వాయించడం నామోషీ అనుకోవద్దు. నిన్ను చదివించింది కూడా సగం నా పెళ్ళి కచేరీల డబ్బే.

తాతయ్య ఉండి ఉంటే జాజ్ అనగానే తాగేచోట వాయించే సంగీతం అనేవాడు. ఎవరైనా ఆ మాట అంటే బాధపడకు. ఆ సంగీతంలో సగం చర్చిలోంచి వచ్చిందే. అమెరికా జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ కుర్రతనంలో ఊరూరా తిరిగే సువార్త బృందంతో ఆర్గన్ వాయిస్తూ తిరిగాడు. మన సంగతీ అంతే కదా. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరొచ్చి మిషన్ పెట్టకపోతే మన ఇంట్లో ఎవరికైనా ఆ తెల్లమెట్లు, నల్లమెట్లు తెలిసేవా?

నీ ఫోన్ మీద బొమ్మ పెట్టుకున్న జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్ గురించి నేనూ చదివాను. అమెరికా వెళ్ళిన తమిళ తల్లిదండ్రులకు 1971లో పుట్టాడు. మూడేళ్ళకే వయొలిన్ పట్టాడు, పియానో మాత్రం చాలావరకు విని విని తనే నేర్చుకున్నాడు. యేల్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్లీలో డాక్టరేట్ చేశాడు, ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసరు. ఇదంతా చెబితే మీ అమ్మకు కాస్త ధైర్యం వచ్చింది. నువ్వు చూడాల్సింది ఇంకొకటుంది. ఆయన మొదటి ఆల్బం 1995లో వచ్చింది. పెద్ద గుర్తింపు అని అందరూ చెప్పుకునే మెకార్థర్ ఫెలోషిప్ 2013లో. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. ఆ ఏళ్ళలో నువ్వు ఎట్లా ఉంటావన్నదే నా భయం.

ఇప్పుడు నా సంగతి విను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1996లో నాకు ఇరవై ఆరేళ్ళు. గూడూరు నుంచి కావలి దాకా పెళ్ళయినా, చర్చి కన్వెన్షన్ అయినా నా కీబోర్డు ఉండాల్సిందే. వాయించేది మాత్రం అంతా తెల్లమెట్లే ఉండే సి స్కేల్లోనే. పాడేవాళ్ళు రెండు శృతి అంటే, వేళ్ళు కదపకుండానే శృతి మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు పైకి నొక్కేవాణ్ణి, అర శృతి తగ్గించమంటే ఒకసారి కిందికి. వేళ్ళు ఎప్పుడూ అవే మెట్ల మీద. "చర్చి ఆర్గన్ ముందు కూర్చుని అన్ని శృతులూ పట్టుకోరా" అని తాతయ్య పోరితే, బటన్ ఉండగా ఎందుకు నాన్నా అనేవాణ్ణి.

ఒక స్నేహితుడు మద్రాసులో రికార్డింగ్ ఇప్పించాడు. ఒక్క పాట. క్యాసెట్ ముందే పంపారు, ఇరవై రోజులు సాధన చేసుకుని వెళ్ళాను. హాల్లో గ్రాండ్ పియానో ఉంది. మూత ఎత్తి పెట్టారు, లోపల తీగలు మెరుస్తున్నాయి. అంతకుముందు ఫోటోల్లో తప్ప చూడలేదు. వాయించాను, బాగానే పలికింది. అప్పుడు పాడే ఆవిడ గొంతు సవరించుకుని, జలుబుగా ఉంది, అర శృతి తగ్గిద్దామా అంది. కండక్టర్ తలూపాడు. సి లో ఉన్న పాట బి లోకి పోవాలి.

నా ఎడమచేతి బొటనవేలు దానంతటదే పైకి పోయింది, బటన్ కోసం. అక్కడ నున్నటి నల్ల చెక్క ఉంది. దాని మీద నా వేలి చెమట మరక పడి, మెల్లగా ఆరిపోయింది. బి లో ఐదు నల్లమెట్లూ కావాలి. వెతుక్కుంటూ ఒక వరస వాయించి ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగాను. వయొలిన్ల వాళ్ళు తలలు వంచుకున్నారు. కండక్టర్ కోప్పడలేదు. "టీ తాగి రండి తమ్ముడూ" అన్నాడు. గ్లాసు పట్టుకుని బయట నిలబడి ఉండగానే లోపలి నుంచి ఆ పాట బి లో హాయిగా వినిపించింది. వాయించింది నాకన్నా చిన్నవాడు, వేరే పని మీద అక్కడికి వచ్చినవాడు.

రాకపోవడం తప్పు కాదు తల్లీ. తప్పు ఆ సాయంత్రం చేశాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు దాటేదాకా ఇంట్లో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. "బాగా వచ్చింది, మళ్ళీ పిలుస్తామన్నారు" అని చెప్పాను. మీ అమ్మ వీధంతా మలై కాజాలు పంచింది. ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి కృతజ్ఞతా ప్రార్థన చేశారు. తలవంచుకుని ఆమెన్ అన్నాను.

ఆ రాత్రి నాకు రాలేదు నాన్నా అని ఉంటే, ఆయన తెల్లారేసరికి ఆర్గన్ ముందు కూర్చోబెట్టేవాడు. చర్చి తాళంచెవి మన ఇంట్లోనే ఉండేది. ఆరు నెలల పని. కానీ బాగా వచ్చిందని చెప్పినవాడు మళ్ళీ అ, ఆ ల దగ్గర ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాడు? రెండేళ్ళు కనిపించినవాళ్ళంతా ఎప్పుడు పిలుస్తారు అని అడిగారు. మూడో ఏడు మానేశారు. నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. తాతయ్య పోయేదాకా ఆయనకు చెప్పలేదు.

నిన్న మీ అమ్మ ఏమందో తెలుసా? "నువ్వు మద్రాసు నుంచి వచ్చిన రోజు అన్నం కలిపి వదిలేశావురా. నేను చూశాను. అదీ అక్కడ అట్లా వదిలేసి పడుకుంటే నాకెవరు చెప్తారు?" ఇన్నేళ్ళూ తెలిసి కూడా ఆ మనిషి నన్ను ఒక్కమాట అడగలేదు.

నిన్నూ అడగదు. ఎట్లా ఉన్నావే అంటుంది, నువ్వు బాగున్నానమ్మా అంటావు, ఆమె సరే అని పెట్టేస్తుంది. అందుకే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే. కచేరీ బాగా జరిగితే మీ అమ్మకు చెప్పుకో. సోలో మధ్యలో దారి తప్పావనుకో, బేస్ వాయించేవాడు అడిగిన శృతి నీకు రాలేదనుకో, నిన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకున్నారనుకో, అది నాకు చెప్పు. ఆ రోజే చెప్పు. జాజ్‌లో తరచూ వచ్చే మూడు కార్డుల వరసను టూ-ఫైవ్-వన్ అని మీరంటారే, దాన్ని పన్నెండు స్కేళ్ళలోనూ వాయించమని గురువులు అడుగుతారట. ఏ స్కేల్లో ఆగావో చెప్పు చాలు. ఎందుకు రాలేదని నేను అడగను.

పోయే ముందు ఒక ఆదివారం ఇక్కడికి రా. ఆర్గన్ గాలితిత్తికి తోలు మార్పించాను, గాలి ఇప్పుడు నిలుస్తోంది. నీకిష్టమైన కీర్తన ఏదైనా సరే, బి లో పట్టుకుని రా. నేనూ ఈ రోజు పొద్దున్నే పోయి ఆ స్కేలే వాయించుకున్నాను. నాలుగో నల్లమెట్టు దగ్గర ఇంకా తడబడుతున్నాను. నువ్వు చూపించాలి.

మీ మామయ్య