రౌటరు జోలికి వెళ్ళే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "పిల్ల రౌటర్లో పాతది తీసేసి ఏదో కొత్తది ఎక్కిస్తానంటోందక్కా" అన్నాడు. ఏటెక్కిస్తాదట్రా అంటే వాడికి ఆ పేరు నోరు తిరగలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అని నేనే అందించాను, కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి దాని బదులు రౌటర్లో ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పదిహేనేళ్ళు బస్టాండు పక్కన నెట్ సెంటరు నడిపినదాన్ని, నా మేనకోడలి నోట ఆ మాట వచ్చిందంటే పొంగిపోనా? పొంగిపోయాను. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. రెండూ నిజమే.

కంపెనీ సాఫ్ట్‌వేరే ఉంచాలా, ఇది ఎక్కించాలా అన్న నీ ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. కంపెనీ వాళ్ళ సైటులో నీ రౌటరు పేరు కింద ఆఖరి అప్‌డేట్ ఫైలు తారీఖు చూడు. ఈ మధ్యదే అయితే కంపెనీది ఉంచుకో, తప్పేం లేదు. ఏళ్ళ కిందటిదైతే తలుపు గడియ ఊడిపోయిన ఇల్లే అది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్, అంటే దొంగ ప్రోగ్రాము, 54 దేశాల్లో కనీసం 5 లక్షల పెట్టెల్లో దూరింది, వాటిలో ఎక్కువ ఇళ్ళలో, చిన్న ఆఫీసుల్లో ఉండే రౌటర్లే. మనలాంటి వాళ్ళవే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళు, కంపెనీ చేతులు దులుపుకున్న పెట్టెలకి కూడా ఏళ్ళ తరబడి అప్‌డేట్లు ఇస్తారు. 2003లో లింక్‌సిస్ తన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరు సోర్సు కోడు బయటపెట్టాల్సి వచ్చింది, లోపల లైనక్స్ ఉంది, దాని లైసెన్సు ప్రకారం కోడు అందరికీ ఇవ్వాలి కాబట్టి. మరుసటేడు మొదలైన పని ఇది, ఇప్పటికీ నడుస్తోంది. నాకు ఆ పనంటే చాలా గౌరవం.

కానీ అన్ని పెట్టెలకీ కుదరదు. సాఫ్ట్‌వేర్ దాచుకునే ఫ్లాష్ 16 ఎంబీ, పని చేసుకునే ర్యామ్ 128 ఎంబీ ఉంటే హాయి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత పెట్టెలకి కొత్త వెర్షన్లు అసలు రావు. వైఫై చిప్పు బ్రాడ్‌కామ్‌ది అయితే ఆశ వదులుకో, దాన్ని నడిపే ప్రోగ్రాము, డ్రైవరు, సరిగా దొరకదు. మీడియాటెక్ అయితే సాధారణంగా మేలు. ఫైబరు వాడు బిగించిన ఓఎన్‌టీ, అంటే ఫైబరు తీగ వచ్చి చేరే పెట్టె, జోలికి మాత్రం పోవద్దు, దాని వెనకాల నీది పెట్టుకో.

వైఫై మీద కాదు, కేబులు గుచ్చి చెయ్యి. దింపుకున్న ఫైలు పాడవలేదని తెలిపే ఎస్‌హెచ్‌ఏ256 కోడు సైటులో ఉన్నదానితో సరిచూడు. కంపెనీ సాఫ్ట్‌వేర్ మీంచి మొదటిసారి ఎక్కించేది ఫ్యాక్టరీ ఫైలు, ఆ తరవాత నుంచి సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నీకు తెలియనిది ఒకటుంది, మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2015లో నా దగ్గర ఒకే పేరున్న రెండు రౌటర్లుండేవి. ఒకటి ఇంట్లో, ఒకటి సెంటర్లో. రెండింటి మీదా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయే. ఇంట్లోది శనివారం రాత్రి కొత్త వెర్షనుకి మార్చాను, చక్కగా లేచింది. ఆ ఉత్సాహంలో ఆదివారం పొద్దున్న సెంటరు తీయగానే అదే ఫైలు రెండోదానికి ఇచ్చాను. ఈ ఫైలు ఈ పెట్టెది కాదని అదే చెప్పింది. స్క్రీను మీద అక్షరాలా కనబడింది. పేరు ఒకటే కదా, అట్ట పెట్టె కూడా ఒకటే కదా అనుకుని బలవంతంగా ఎక్కించే ఆ ఒక్క పెద్ద ఎఫ్ (F) అక్షరం చేర్చి ఎంటర్ కొట్టాను. తిరగేసి చూస్తే కింద స్టిక్కరు మీద, సీరియల్ నంబరు పక్కన, ఒకదానికి వి8, ఒకదానికి వి9 అని ఉంది, వి అంటే ఆ పెట్టె వెర్షను. చీమ తలకాయంత అక్షరాలు. లోపల చిప్పే వేరు. పవరు లైటు ఒక్కటి వెలిగింది. మిగతావి ఏవీ రాలేదు. పది నిమిషాలు చూశాను, రీసెట్ నొక్కాను, ప్లగ్గు తీసి పెట్టాను. రాలేదు.

ఇంట్లోది తెచ్చి పెడదామంటే, లైను యూజర్‌నేమూ పాస్‌వర్డూ ఆ చచ్చిపోయిన పెట్టెలోనే ఉన్నాయి. కాగితం ఎప్పుడో పోయింది. ఆదివారం, అడుగుదామంటే ఆఫీసు మూత.

అప్పుడొచ్చాడు ఒక సవర కుర్రాడు, సెరంగో వైపు కొండ ఊరి నుంచి, పొద్దున్నే బస్సెక్కి. ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు, జేబులో ఫోటోలు. కాలేజీ ఫారానికి ఆ సాయంత్రమే ఆఖరు. వారం కిందట నన్నడిగి వెళ్ళాడు, రా బాబూ నేను నింపిస్తాను అన్నాను. నా మాట నమ్మి వచ్చాడు. పక్క వీధి సెంటరు మూసుంది. మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నం ఆటోలో పంపాను. అక్కడ క్యూ, సర్వరు మొరాయింపు. చీకటి పడ్డాక తిరిగొచ్చి, "అవలేదు ఆంటీ" అన్నాడు. కొండకి బస్సు లేదు. మా వసారాలో పడుకున్నాడు. అన్నం పెడితే తల వంచుకుని తిన్నాడు, ఒక్క మాట నన్ను అనలేదు. అంటే బాగుణ్ణు.

ఆ ఏడు వాడి చదువు ఆగింది. మరుసటేడు ఫారం నేనే, పది రోజులు ముందు, దగ్గర కూర్చుని నింపించాను. ఏడాది మాత్రం తిరిగి ఇవ్వలేను కదమ్మా.

అందుకే ఏ ఫర్మ్‌వేర్, అంటే రౌటరు లోపలి సాఫ్ట్‌వేర్, అన్నదానికంటే ముందు, ఆ లైను మీద ఎవరెవరు ఆనుకుని ఉన్నారో చూడు. తమ్ముడి క్లాసులున్నాయి. మీ అమ్మ బ్లౌజుల ఆర్డర్లు ఫోన్లోనే వస్తాయి. మీ నానమ్మ సాయంత్రం ఆరింటికి బాబాయితో వీడియోలో మాట్లాడకపోతే అన్నం ముట్టదు. గునుపూరులో మీ ఇంట్లో ఇంకో రౌటరు లేదు. నా దగ్గరున్నది పంపిస్తాను. మీ లైను వివరాలు దాంట్లో పెట్టి, నెట్ వచ్చిందని కళ్ళారా చూశాకే నీ పెట్టె ముట్టుకో. ఆ వివరాలు పెన్నుతో నోటుపుస్తకంలో రాయి, ఫోన్లో ఫోటో సరిపోదు.

కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా? తిత్లీ తుఫాను రాత్రి మర్చిపోయావా? ఫైలు రాస్తున్న ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతే పెట్టె లేవకపోవచ్చు. చిన్న యూపీఎస్ ఒకటి తగిలించు. మబ్బు పట్టిన రోజు అసలు మొదలుపెట్టకు. నాకు భయం ఎక్కువని మీ నాన్న అంటాడు, అననీ.

లేవకపోతే ఎలా లేపాలో ముందే చదువుకో. కొన్ని రౌటర్లు రీసెట్ నొక్కిపట్టి ఆన్ చేస్తే 192.168.0.66 అనే అడ్రసున్న కంప్యూటరు దగ్గర ఒక ప్రత్యేకమైన పేరున్న ఫైలు కోసం వెతుకుతాయి. నీది అలాంటిదో కాదో పని మొదలెట్టాక వెతుక్కునేది కాదు. పెట్టె విప్పి లోపలి పిన్నులకి తగిలించే సీరియల్ కేబులు దాకా వస్తే 3.3 వోల్టులదే వాడాలి, అది నేను వచ్చినప్పుడు చేద్దాం, ఒక్కదానివీ చెయ్యకు.

లేచాక వైఫై రాలేదని కంగారుపడకు, చాలా పెట్టెల్లో మొదట ఆపే ఉంటుంది. కేబులు గుచ్చి బ్రౌజర్లో 192.168.1.1కి వెళ్ళు, ముందు పాస్‌వర్డు పెట్టు, దేశం ఇండియా అని పెట్టు, అప్పుడు వైఫై తెరు.

శనివారం రైలుకి వస్తాను. అమ్మకి చెప్పు, కందా బచ్చలి చేయమని. ఈలోగా రౌటరు బోర్లించి, కింద స్టిక్కరు ఫోటో తీసి పంపు. వెలుతుర్లో తియ్యి, వి పక్కన అంకె నాకు స్పష్టంగా కనబడాలి.

మీ పెద్దత్త